ధర చెప్పాక ఊరుకో

తల్లీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. మూడు నెలల్లో లోగో మార్చావు, వెబ్‌సైట్ రంగులు మార్చావు, యాప్‌లో కొత్త ఫీచర్లు పెట్టించావు. కానీ "దీనికి డబ్బు కడతారా?" అని ఒక్క మనిషిని కూడా అడగలేదు. ఇంకా రెడీ కాలేదంటున్నావు. నాకేమో పనంతా అయిపోయి, అడగాలంటే మొహమాటంగా ఉండే ఆ ఒక్కటే మిగిలినట్టుంది.

కోప్పడటం లేదమ్మా. వ్యాపారం పెట్టిన కొత్తలో నేనూ ఇంతే. ఒక కస్టమర్ నుంచి పెద్ద బాకీ రావాలి. పొద్దున్నే ఫోన్ తీసేవాడిని, ఏమనుకుంటాడోనని పెట్టేసేవాడిని, ఆ వెంటనే లెక్కల పుస్తకం సర్దుకుంటూ కూర్చునేవాడిని. రెండు నెలలు పోయాక గుండె దిటవు చేసుకుని అడిగితే, "మీరు అడగలేదు కదా, తొందర లేదేమో అనుకుని అడిగినవాళ్లకి ఇచ్చేశాను" అన్నాడు, చాలా మామూలుగా. ఆ రెండు నెలలూ జీతాలకి నేను అప్పు తెచ్చాను.

ఫోన్ పెట్టేయగానే ఒక హాయి వస్తుంది చూడు, చిక్కంతా అక్కడే. తప్పించుకున్న ప్రతిసారీ మనసుకి ఆ హాయి దొరుకుతుంది కాబట్టి మర్నాడు కూడా తప్పించుకోమంటుంది, భయం ఇంకాస్త ముదురుతుంది. ఆ టెన్షన్‌లోనే ఉండి మాట పూర్తి చేస్తే మాత్రం గుండె దడ కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. భయాలకి చికిత్స చేసేవాళ్లు కూడా భయపడే దాని దగ్గరికే మనిషిని కొద్దికొద్దిగా తీసుకెళ్తారు.

కైట్లిన్ వూలీ, అయెలెట్ ఫిష్‌బాక్ అనే పరిశోధకుల పని ఒకటి 2022లో వచ్చింది. షికాగోలో అప్పటికప్పుడు కల్పించుకుని నటించడం నేర్పే క్లాసుల్లో కొందరికి, ఇబ్బందిగా అనిపించడమే ఇవాళ మీ లక్ష్యం అని చెప్పారు. వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువసేపు నటించారు, ఎక్కువ తెగించారు. చేతులు చెమట పడుతుంటే "నాకు చేతకాదు" అనుకునే బదులు "పని మొదలైంది" అనుకున్నారన్నమాట. ఇది నా అనుభవానికి సరిగ్గా సరిపోయింది.

ఇక నువ్వు చేయాల్సింది. పెద్ద కస్టమర్‌తో మొదలుపెట్టకు, కాదన్నా పెద్దగా నష్టం లేనివాళ్లని ఐదుగురిని ఎంచుకో. పొద్దున్నే, మెయిల్స్ తెరవకముందే ఫోన్ చెయ్యి. ధర చెప్పు, చెప్పాక నోరు మూసుకుని కూర్చో. ఆ నిశ్శబ్దం భరించలేకే, అవతలివాళ్లు అడక్కుండానే చాలామంది తగ్గింపు ఇచ్చేస్తారు, నేను ఏళ్లతరబడి ఇచ్చాను. వాళ్లనే మాట్లాడనీ. ఎక్కువ అంటే దేనితో పోల్చి ఎక్కువో అడుగు, ఆ జవాబు నీ ఫీచర్లన్నిటికంటే విలువైనది. ఎంతమంది అవునన్నారని లెక్కపెట్టకు, ఎంతమందిని అడిగావో రాసుకో. పక్కనే, ఫోన్‌కి ముందు ఏం జరుగుతుందని భయపడ్డావో, నిజంగా ఏం జరిగిందో రెండు ముక్కలు రాయి. పది ఫోన్లయ్యాక ఆ పేజీ ఒకసారి చూసుకో.

ఇంకో మాట, ఇది మర్చిపోవద్దు. కనిపించిన ప్రతి కష్టాన్నీ నెత్తికెత్తుకోమని నేననడం లేదు. నెలలతరబడి నిద్ర లేకపోవడం, తీర్చే దారి తెలియని అప్పు, నిన్ను చులకన చేసే భాగస్వామి, వీటిని ఓర్చుకుంటే ఏమీ ఎదగవు, అరిగిపోతావు. చేయబోయే పని తప్పని లోపల గుచ్చుతుంటే కూడా దాన్ని గెలవాలని చూడకు, దాని మాట విను. అడగడానికి సిగ్గు, కాదంటారన్న భయం, తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ, నువ్వు ఎదురెళ్లాల్సినవి ఇవి.

రేపు మొదటి ఫోన్ అయ్యాక నాకు మెసేజ్ పెట్టు. అవునన్నారా కాదన్నారా అన్నది తర్వాత, ధర చెప్పాక ఎంతసేపు మాట్లాడకుండా ఉండగలిగావో ముందు అది రాయి.

మీ పెదనాన్న