ప్రకృతి క్రమాన్ని చూసి దేవుని వాగ్దానాలను నమ్మవచ్చా?

నమ్మవచ్చు. అలా చూడమని బైబిలే చెబుతుంది. భూమి ఉన్నంతకాలం విత్తే కాలం, కోత కాలం, చలి, వేడి, పగలు, రాత్రి ఆగిపోవని జలప్రళయం తర్వాత దేవుడు చెప్పిన మాట ఆదికాండము 8:22లో ఉంది.

అయితే ఆ మాట బరువు నాకు తెలిసింది యిర్మీయా 33వ అధ్యాయంలోనే. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. ప్రవక్త యిర్మీయా చెరసాల ప్రాంగణంలో బందీగా ఉన్నాడు. శత్రువును అడ్డుకోవడానికి నగరంలోని ఇళ్లనే పడగొట్టుకుంటున్నారు. దావీదు రాజు వంశం ఎప్పటికీ సింహాసనంపై ఉంటుందని దేవుడు ఇచ్చిన వాగ్దానం ఇక ముగిసినట్టే కనిపించిన సమయమది. అప్పుడు దేవుడు, పగలూ రాత్రీ తమ వేళకు రాకుండా మీరు చేయగలిగితేనే దావీదుతో నా నిబంధన భంగమవుతుందని అన్నాడు. అంటే ముట్టడిలో ఉన్న ఆ నగరంపై ప్రతి ఉదయం పొడిచే సూర్యుడే అందుకు సాక్షి! గోడలు కూల్చగల బబులోను రాజు నెబుకద్నెజరు కూడా తెల్లవారడాన్ని ఆపలేడు కదా. ఆ వాగ్దానం దావీదు సంతతిలో పుట్టిన యేసులో నెరవేరిందని క్రైస్తవులు విశ్వసిస్తారు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఏటా ప్రతి పొలమూ పండుతుందని దీని అర్థం కాదు. రూతు గ్రంథం మొదలయ్యేదే కరువుతో. అంజూరపు చెట్లు పూయకపోయినా, పొలాలు పంట ఇవ్వకపోయినా ప్రభువులో ఆనందిస్తానని ప్రవక్త హబక్కూకు పాడాడు. జలప్రళయం తర్వాత దేవుడు తన మాటకు గుర్తుగా ఇచ్చిన వానవిల్లు విషయమూ అంతే: సమస్త ప్రాణులనూ తుడిచిపెట్టే ప్రళయం మళ్లీ రాదన్నదే ఆ మాట, వరదలే రావని కాదు.