బాత్రూం తలుపు మూయకు, చిట్టీ

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పరీక్షలయ్యాక నువ్వు ఊరికి రాకుండా కూకట్‌పల్లి గదిలోనే ఉంటావట. రూమ్మేటుతో కలిసి గోళ్ల రంగులు వేయడం నేర్చుకుంటావట, పాత టీషర్టుల మీద డిజైన్లు చేస్తావట, అంతా కలిపి 1,500 రూపాయల్లో తేల్చేస్తావట. "దానికి ఇవన్నీ ఎందుకక్కా" అని మీ అమ్మ సణిగింది గానీ, ఫోన్ పెట్టేశాక నేను ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. మన ఇంట్లో చేతులు ఊరికే ఉండని వాళ్లు నా తర్వాత నువ్వే.

నవ్వడం అయ్యాక మీ అమ్మ చివర్లో అన్న మాట గుర్తొచ్చింది. "బ్లీచింగ్ నీళ్లతో కూడా ఏదో చేస్తుందట, బాత్రూంలో." మామూలుగా అనబోయింది, గొంతు సహకరించలేదు. ఇక నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో పంపితే చదవకుండానే బొటనవేలు బొమ్మ పెట్టేస్తావు.

ముందు గోళ్ల సంగతి. అది నీకే బాగా తెలుసు, తొందరగా చెప్పేస్తాను. ఎరుపు, మెరూన్ లాంటివి వేసేముందు కింద బేస్ కోట్ వెయ్యి, లేకపోతే గోళ్లు పసుపు పట్టినట్టు అవుతాయి. సీసాను దగ్గు మందు ఊపినట్టు ఊపకు, బుడగలొస్తాయి. రెండు అరచేతుల మధ్య దొర్లించు. ఒక్క మందపాటి పూత కంటే రెండు పల్చటి పూతలు మేలు, మధ్యలో ఆరనివ్వాలి, అదే నీకు చేతకాదు. చుక్కలు పెట్టడానికి ప్రత్యేకంగా పుల్లలు కొనకు, అగరబత్తి పుల్ల చాలు. అంటే, కాలిపోయాక మిగిలిన పుల్ల! వెలుగుతున్న అగరబత్తి దగ్గర, దీపం దగ్గర, గ్యాస్ పొయ్యి దగ్గర గోళ్ల రంగు తుడిచే రిమూవర్ సీసా మూత తీయకు. అందులో ఉండే అసిటోన్ ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నేల మీద పాకుతూ మంట దాకా పోతుంది. పాలిష్ చిక్కబడితే రిమూవర్ పోసి పల్చన చేయకు, నెయిల్ పాలిష్ థిన్నర్ అని విడిగా దొరుకుతుంది. రిమూవర్ వాడాక గోళ్ల చుట్టూ కాస్త కొబ్బరినూనె రాయి.

పదిహేను రంగులు కొనకు, మూడు కొను. మా కాలంలో లాక్మే సీసా ఒక్కటి కొంటే ఇద్దరు అక్కచెల్లెళ్లకీ ఏడాది వచ్చేది. ఆ ఏడాదంతా అదే రంగు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్నప్పుడు తప్ప మా చేతులు వేరే రంగు ఎరగవు.

టీషర్టుల విషయంలో నాకు చెప్పాలని ఉంది, ఓపిగ్గా విను. కొత్తవి కొనకు. నీ బీరువాలో అడుగున నాలుగైనా ఉంటాయి. అవి చాలకపోతే కోఠి, అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద బేరం ఆడి తెచ్చుకో, మెడ దగ్గర లేబుల్ చూసి పూర్తి కాటన్ అయితేనే తీసుకో. రంగు వేసేముందు ఒకసారి ఉతుకు. కొత్త బట్టలో గంజి ఉంటుంది, రంగును లోపలికి పోనివ్వదు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు కలం పట్టే ముందు బట్టను కరక్కాయ నీళ్లలో, పాలల్లో నానబెట్టి ఆరబెడతారు. పాలల్లోని కొవ్వు రంగును పాకకుండా ఆపుతుంది. అంత ఓపిక నీ దగ్గర లేదని తెలుసు, ఉతకడమైనా ఉతుకు.

టీషర్టు లోపల పాత క్యాలెండర్ అట్ట పెట్టు, లేకపోతే ముందు వేసిన పువ్వు వీపు మీద కూడా పూస్తుంది. స్టెన్సిల్‌కి పాత ఎక్స్‌రే ఫిల్ముకి మించింది లేదు. మీ పెదనాన్న మోకాలి ఎక్స్‌రేలు ఇక్కడ కట్టగా ఉన్నాయి, పట్టుకెళ్లు. రంగును కుంచెతో రుద్దకు, స్పాంజి ముక్కతో అద్దు. బెండకాయ అడ్డంగా కోసి, జిగురు గుడ్డతో తుడిచేసి, రంగులో ముంచి అచ్చు వేస్తే ఎంత చక్కటి పువ్వు పడుతుందో! పావుకిలో బెండకాయలతో టీషర్టు నిండుతుంది, మిగిలినవి వేపుడు చేసుకో. రంగు ఒక రోజంతా ఆరాక తిరగేసి ఇస్త్రీ చెయ్యి. మూడు రోజుల దాకా నీళ్లు తగలనీయకు.

ఇక బ్లీచింగ్.

మీ అమ్మకి ఫినాయిల్ వాసన తగిలితే పక్కగదిలోకి పోతుంది కదా. బాత్రూం కడిగేటప్పుడు చలికాలంలో కూడా కిటికీలన్నీ బార్లా తీసి నీ మీద అరుస్తుంది కదా. "మా అమ్మది అంతా నఖరా" అని పోయిన సంక్రాంతికి నువ్వు నవ్వావు. నేనూ నవ్వాను. అది నఖరా కాదు, చిట్టీ. అది నేను చేసిన పని.

1987. అప్పుడు చిక్కడపల్లిలో అద్దెకుండేవాళ్లం. నాకు 19, మీ అమ్మకి 14. మీ మామయ్య విడిచేసిన నల్ల టీషర్టు ఒకటి దొరికింది. దాన్ని ముడులు కట్టి బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో ముంచితే నల్లటి ఆకాశంలో నక్షత్రాలు వస్తాయని ఎవరో చెప్పగా విన్నాను. నలుపు తెల్లబడదు, ఇటుకరంగులోకి తిరుగుతుంది, ఆ సంగతి అప్పుడు నాకు తెలీదు. మెట్ల కింద అందరికీ కలిపి ఒకటే బాత్రూం, రేకు తలుపు, కిటికీ లేదు. మా అమ్మ గుడికి వెళ్లింది. మీ అమ్మ గొంతుక్కూర్చుని కర్రతో బకెట్టు కలుపుతోంది, నేను పక్కన నిలబడి పెత్తనం చేస్తున్నాను.

బ్లీచింగ్ నీళ్లు నేల మీద ఒలికి తెల్లటి మరకలు కట్టాయి. ఇంటి ఓనరు చూస్తే ఊరుకోడు. అప్పట్లో సైకిల్ మీద యాసిడ్, ఫినాయిల్ అమ్ముకుంటూ ఒకతను వచ్చేవాడు, అతని దగ్గర కొన్న యాసిడ్ సీసా మూలన ఉంది. మరకలు పోతాయని నేల మీద ధారగా పోశాను. ఘాటు గుప్పున వచ్చింది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? వాసన పైకి పోతే ఓనరు దిగుతాడని, బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను. "నువ్వు కడిగేసెయ్యి, నేను ఎవరూ రాకుండా చూస్తా" అన్నాను. చెల్లెల్ని లోపల పెట్టి.

బ్లీచింగ్‌లో యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. అదీ గాలికన్నా బరువే, నేలబారుగా నిలుస్తుంది. నిలబడ్డ నాకు ముక్కు మండింది, అంతే. గొంతుక్కూర్చున్న పిల్ల ముఖం సరిగ్గా దానిలోనే ఉంది. దగ్గు వినిపించింది. ఎప్పుడూ దగ్గుతూనే ఉంటుంది కదా అనుకున్నాను. తర్వాత దగ్గు ఆగింది. అప్పుడు భయమేసి తలుపు తోశాను.

పైన ఉండే ముసలావిడ దిగొచ్చి, నన్ను ఒక్క తోపు తోసి, మీ అమ్మని రెండు చేతులా లాగి డాబా మీదికి తీసుకెళ్లింది. గాలి తగిలాక ఊపిరి తీసుకుంది. వారం రోజులు రాత్రిళ్లు దగ్గింది. ఇంట్లో దుమ్ము పడలేదని చెప్పాం. మీ అమ్మే చెప్పింది, నేను అడక్కుండానే, నన్ను కాపాడ్డానికి. ఈ రోజుకీ ఎవరికీ చెప్పలేదు. నీకు కూడా చెప్పి ఉండదు.

ఆ టీషర్టు ఎలా వచ్చిందంటావా, చూడనేలేదు. ముడులతోనే పారేశాను.

అందుకని నేను చెప్పేది ఎదురు మాట్లాడకుండా విను. బ్లీచింగ్ పట్టుకున్న రోజు బాత్రూం కడిగే యాసిడ్ సీసా ఆ చుట్టుపక్కల ఉండకూడదు. రంగు పోవడం ఆపడానికి వెనిగర్ పొయ్యమని వీడియోల్లో ఎవరైనా చెబితే పొయ్యకు. అదీ ఆమ్లమే, అదే వాయువు వస్తుంది. మంచినీళ్లతో బాగా జాడించి, ఒకప్పుడు ఫొటో స్టూడియోల వాళ్లు ఫిల్ములు కడగడానికి వాడిన హైపో (సోడియం థయోసల్ఫేట్) కలిపిన నీళ్లలో కాసేపు ఉంచితే ఆగుతుంది. లేకపోతే బట్ట తర్వాత కూడా లోలోపల నీరసించి చిరుగుతుంది. ఇంకోటి, గోళ్ల రిమూవర్‌లో అసిటోన్ ఉందన్నాను కదా, అది బ్లీచింగ్‌లో పడితే క్లోరోఫాం పుడుతుంది. గోళ్లూ టీషర్టులూ ఒకే రోజు, ఒకే బల్ల మీద పెట్టుకోవద్దనేది అందుకే. నువ్వు తప్పకుండా అలాగే పెట్టుకుంటావు, నాకు తెలుసు. అరుస్తున్నానని అనుకోకు. నీ వయసులో నన్ను ఎవరూ అరవలేదు.

అసలు ఆ గదిలో బ్లీచింగ్ పనే వద్దు. ఆదివారం నల్లకుంట వచ్చెయ్, మా డాబా మీద చేద్దాం. గాలి బాగా వస్తుంది, ప్లాస్టిక్ బకెట్టు ఉంది. స్టీలుది వద్దు, బ్లీచింగ్ తినేస్తుంది. గ్లవ్స్ నేను కొంటాను, అవి నీ 1,500 లెక్కలోకి రావు. పొద్దున్నే రా. పూర్తి కాటన్‌ది, నల్లది, ఒక టీషర్టు తీసుకురా. ముడులు నేను కడతాను.

మీ అమ్మ కూడా ఆ రోజు బస్సెక్కి వస్తానంటోంది. చూడ్డానికట. డాబా మీద గాలివాటుకి అవతలి పక్కన తనకో కుర్చీ వేసి ఉంచుతాను.

పెద్దమ్మ