ఆలివ్ ఆకుల టీ బీపీకి పనిచేస్తుందా? ఆరేళ్లు కాచినవాడి జవాబు

నాన్నగారికి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, ఆన్‌లైన్‌లో ఆలివ్ ఆకుల టీ కనబడింది, మాత్రలు మానేసి అది తాగించొచ్చా అని కదా మీరు అడిగింది. మాత్రలు మాత్రం మాన్పించకండి. వాటితో పాటు ఇవ్వాలన్నా ముందు డాక్టర్ చెవిన వేయండి. ఇది ఉత్తి ఆకే కదా అని నేనూ అనుకున్నవాణ్ణే, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

మాది నిజామాబాద్ జిల్లా. మా వైపు ఎక్కువమంది గల్ఫ్‌కి పోతారు, కొందరం ఇజ్రాయెల్‌కి ముసలివాళ్లని చూసుకునే పనికి పోతాం. నేను ఉత్తరాన గలిలయ కొండల్లో ఒక ఊళ్లో, ఎనభై దాటిన ఒక పెద్దావిడ దగ్గర ఆరేళ్లున్నాను. సఫ్తా అని పిలిచేవాణ్ణి, హీబ్రూలో నాయనమ్మ, అమ్మమ్మ ఎవరినైనా అలాగే అంటారు. ఆమె పుట్టింది మొరాకోలో, పెళ్లయ్యాక ఇటు వచ్చారట. పెరట్లో రెండు ఆలివ్ చెట్లు. మన చర్చిల్లో ఒలీవ అంటారే, హైదరాబాద్ పాతబస్తీలో జైతూన్ అంటారే, అదే చెట్టు. సఫ్తా అరబ్బీలో అనే మాట కూడా జైతూన్‌కి దగ్గరగానే ఉండేది, ఆ ఇంట్లో నాకు ముందుగా అర్థమైన మాట అదే.

అక్టోబర్, నవంబర్‌లలో కాయ కోత అయిపోయాక కొమ్మలు కత్తిరిస్తారు. ఆ కొమ్మల ఆకులే దూయమనేది. సన్నగా, మందంగా ఉంటాయి, పైన ముదురాకుపచ్చ, కింద వెండి పూత పూసినట్టు బూడిద రంగు. రోడ్డు పక్క చెట్టువి వద్దు, మందు కొట్టిన తోటవి అసలే వద్దు. కడిగి, పాత దుప్పటి మీద నీడలో వారం పది రోజులు ఆరబెడితే వంచగానే పుటుక్కున విరిగేవి, అప్పుడు చేత్తో నలిపి సీసాకెత్తేవాణ్ణి. రోజూ పొద్దున ఒక చెంచాడు కప్పులో వేసి, మరిగిన నీళ్లు పోసి, మూతపెట్టి పది నిమిషాలు. చేదంటే చేదు, మన నేలవేముకి చెల్లెలు అనుకోండి. ఆ చేదు ఒలియూరోపిన్ అనే పదార్థానిది, ఈ ఆకు మీద పరిశోధనలన్నీ ఎక్కువగా దాని చుట్టూనే తిరుగుతాయి.

సఫ్తా చిన్నప్పుడు జ్వరమొస్తే వాళ్లమ్మ గుప్పెడు ఆకులు నీళ్లలో వేసి సగానికి మరగబెట్టి, కొంచెం కొంచెం తాగించేదట. తర్వాత నెట్‌లో చదువుతుంటే తెలిసింది, డేనియల్ హాన్‌బరీ అనే లండన్ మందుల నిపుణుడు 1854లో వచ్చి వచ్చి పోయే చలిజ్వరాలకు ఆలివ్ ఆకు కషాయం గురించి రాశాడు, అందులోనూ ఇదే పద్ధతి, గుప్పెడు ఆకు, నీళ్లు సగం అయ్యేదాకా. అంతకు చాలా ముందు, ఒకటో శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయస్కోరిడీస్ నోటిపూతకి ఆకు నమలమన్నాడు, పుండ్ల మీద నూరి కట్టమన్నాడు. నోటిపూతకి నేనూ చూశా, చల్లారిన కషాయం పుక్కిలిస్తే కాస్త హాయిగానే ఉంటుంది. ఇక బీపీకి, షుగర్‌కి అయితే మొరాకోలో, పాలస్తీనా ఊళ్లలో ఇప్పటికీ తాగుతారు.

ఇక అసలు సంగతి. రెండో ఏడు చలికాలంలో సఫ్తా కూతురు ఎవరి దగ్గరో విని, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి ఇవ్వమంది, అదీ బాగా మరగబెట్టి. ఇచ్చా. బీపీ మాత్ర మామూలుగానే వేస్తున్నాం. పది రోజులకి ఒక పొద్దున మంచం మీంచి లేవబోయి, గోడ పట్టుకుని అలాగే కూలబడిపోయింది. చేతికి మిషన్ కడితే 94 బై 58. నాకు కాళ్లు చల్లబడ్డాయి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తు మీద పెట్టి క్లినిక్‌కి ఫోన్ చేశా, నర్స్ వచ్చి అన్నీ అడిగింది, కషాయం సంగతి మాత్రం ఆమె మూడోసారి గుచ్చి అడిగితే గానీ నాకు గుర్తు రాలేదు. మందు లిస్టులో అది లేదు కదా మరి. ఆ తర్వాత డాక్టర్ మాత్ర అలాగే ఉంచి ఆకు మాన్పించాడు, వారంలో తల తిరగడం పోయింది, నెల తర్వాత పొద్దున ఒక పలుచటి కప్పుకి ఒప్పుకున్నాడు. సఫ్తా నాతో రెండు రోజులు మాట్లాడలేదు, చెప్పేశానని.

అంటే ఈ ఆకు పనిచేస్తుంది, అందుకే భయం. 2011లో వచ్చిన ఇండోనేసియా పరిశోధనలో ఆలివ్ ఆకు సారం 500 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు 8 వారాలు ఇస్తే, పై బీపీ సగటున 11 పాయింట్ల పైన తగ్గింది, క్యాప్టోప్రిల్ అనే బీపీ మాత్రతో తగ్గినదానికి కొంచెం తక్కువ అంతే. ఇజ్రాయెల్‌లోనే షుగర్ ఉన్న 79 మందితో చేసినదాంట్లో మూడు నెలల సగటు షుగర్ తగ్గిందని 2012లో రాశారు. కానీ అవి కొలిచి చేసిన మాత్రలు. మన కప్పులో ఎంత దిగిందో ఎవరు కొలిచారు? ఐరోపా మందుల సంస్థ కూడా దీన్ని సంప్రదాయ మందుగా ఒప్పుకున్నది ఒంట్లో నీరు కొంచెం పట్టినప్పుడు దిగడానికి మాత్రమే, అదీ వేరే పెద్ద జబ్బేమీ లేదని డాక్టర్ చూశాకే.

మీ నాన్నగారు ఏ మాత్రలు వాడుతున్నారో రాయలేదు. షుగర్ మాత్రతో కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు, కిడ్నీగానీ గుండెగానీ బాగా దెబ్బతిని ఉంటే దీని జోలికే పోవద్దు. డాక్టర్ సరేనంటే పొద్దున ఒక పలుచటి కప్పుతో మొదలుపెట్టండి, ఇంట్లో బీపీ మిషన్, షుగర్ మిషన్ రెండూ ఉంచుకోండి, మొదటి రెండు వారాలు రోజూ రాయండి. కొనేటప్పుడు ఆకు తప్ప ఇంకేమీ కలపనిది చూడండి. మన రాజస్థాన్‌లో ఇజ్రాయెల్ సాయంతో ఆలివ్ తోటలు వేశారు, అక్కడి ఆకుతో టీ కూడా చేస్తున్నారు, కాబట్టి విదేశీ ప్యాకెట్టే కావాలని రెండింతలు పెట్టనక్కర్లేదు.

నేను ఇంటికి వచ్చేటప్పుడు ఒక ప్యాకెట్ తెచ్చా. అమ్మ ఒక్క గుక్క తాగి, దీనికోసం అంత దూరం పోయావా, మన వాకిట్లో వేపచెట్టు లేదా అంది. మిగిలిందంతా బియ్యం డబ్బాలో వేసింది.