నాటక సమాజం పెడతానంటున్న అబ్బాయి: ఎన్‌ఎస్‌డీనా, ఎంపీఏనా?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం ఆఖరి ఏడాది. నాటక పరిషత్తుల పోటీల్లో నటిస్తుంటాడు, ఈమధ్య ఒక నాటికకు దర్శకత్వం కూడా చేశాడు. సొంతంగా నాటక సమాజం పెట్టి నడుపుతానంటున్నాడు. ఢిల్లీలో ఎన్‌ఎస్‌డీ (నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా) మంచిదా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంపీఏ (మాస్టర్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) మంచిదా? నాటకాలకు పైసా ఇవ్వనని చెప్పేశాను. సినిమా యాక్టింగ్ కోర్సయితే ఎంతైనా కడతాను. అదే నయం కదా?

జవాబు: మీరు అడిగింది కోర్సుల గురించే అయినా, మీ భయం వేరు. వీడెలా బతుకుతాడు, అడిగినవాళ్లకు నేనేం చెప్పాలి? పిల్లలు నాటకం అన్న ప్రతి ఇంట్లోనూ ఇదే గుబులు. ముందు దాని సంగతి చూద్దాం.

నాటకం మీదే పూర్తిగా బతికే తెలుగు దర్శకులు చాలా తక్కువ. కన్నడిగులకు మైసూరులో 1989 నుంచి ప్రభుత్వ రెపర్టరీ (ఏడాది పొడవునా నాటకాలు వేసే స్థిరమైన బృందం) రంగాయణ ఉంది. హెగ్గోడు అనే పల్లెలో నీనాసం అనే నాటక సంస్థ వాళ్ల ‘తిరుగాట’ బృందం ఊరూరా తిరుగుతుంది. మన సమాజాలు ఎక్కువగా పరిషత్తుల మీద, దాతల మీద నడుస్తాయి. కేంద్ర సాంస్కృతిక శాఖ రెపర్టరీ గ్రాంటు దొరికినా గురువుకు (అంటే దర్శకుడికి) నెలకు 15,000, శిష్యులకు (అంటే నటులకు) వయసును బట్టి 2,000 నుంచి 10,000 రూపాయలు. అందుకే సమాజాలు నడిపేవాళ్లలో చాలామందికి పగలు ఇంకో పని ఉంటుంది. బళ్లారి రాఘవ అంతటివాడు వకీలు పని చేస్తూనే నటించాడు. మీ అబ్బాయీ ఏదో ఉద్యోగం చేసుకుంటూ నాటకం వేస్తాడు. పస్తులుండడు, కంగారు పడకండి.

మీరు లెక్కలోకి తీసుకోని బీకాం వాడికి బాగా పనికొస్తుంది. సమాజం నడిపే దర్శకుడి రోజులో నటన కొంచెమే. హాలు అద్దె, లైట్లు, మేకప్, వ్యాను, బయటి నుంచి వచ్చే నటికి షోకింతని పారితోషికం అన్నీ వాడే చూసుకోవాలి. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చే నటుల్ని రాత్రి రిహార్సల్‌కు కూర్చోబెట్టాలి. గ్రాంటుకు వెళ్తే ఆడిటైన లెక్కలు చూపాలి. మొన్నటి నాటికకు ఎంత ఖర్చయిందో, ఎవరికి ఎంత బాకీ ఉందో వాణ్ణి అడగండి. కాగితం తీసి చూపిస్తే నాకు ధైర్యం. ‘అవన్నీ ఎవరో చూసుకున్నారు’ అంటే మాత్రం ఆలోచించాలి.

ఇక యాక్టింగ్ కోర్సు. వీటి మీద నాకు చాలా అనుమానాలున్నాయి. మూడు నెలల్లో కెమెరా ముందు నిలబెడతామంటారు. నాలుగు డైలాగులు, కాస్త డాన్సు, ఒక పోర్ట్‌ఫోలియో. సర్టిఫికెట్ చూసి వేషమిచ్చే దర్శకుడు నాకు తెలిసి లేడు. ఆడిషన్‌లో నచ్చాలి, లేదా తెలిసినవాళ్లుండాలి. ఫీజు కట్టే ముందు, నిరుడు చేరినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారని అడగండి. గోడమీద ఫొటోల్లోని హీరోలు అక్కడ ఎన్నాళ్లు నేర్చుకున్నారో కూడా అడగండి. పైగా మీవాడికి కావాల్సింది దర్శకత్వం. అది అక్కడ దొరకదు.

కటువుగా ఉన్నా చెప్పాలి. నాటకానికి పైసా ఇవ్వనన్న మీరు, సినిమా అనగానే ఎంతైనా కడతానన్నారు. డబ్బు పోతుందనే భయమైతే రెండుచోట్లా ఉండాలి కదా! మీకు అడ్డొస్తున్నది వాడి ఆదాయం కాదు, నలుగురిలో మీ మాట. దానికోసం యాక్టింగ్ కోర్సుకు ఫీజు కట్టకండి.

కోర్సుల పోలిక క్లుప్తంగానే చెబుతాను. ఎన్‌ఎస్‌డీది మూడేళ్ల డిప్లొమా. సీట్లు బహు తక్కువ, చదివినన్నాళ్లూ స్కాలర్‌షిప్ ఉంటుంది. దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లతో పనిచేయడం అక్కడ పెద్ద లాభం. ఎంపీఏ రెండేళ్ల పీజీ. తర్వాత అధ్యాపక అర్హత పరీక్ష నెట్ రాసి అధ్యాపక ఉద్యోగాలకు పోటీపడొచ్చు, అవీ కొద్దిగానే ఉంటాయనుకోండి. తెలుగులోనే నాటకం వేయాలనుకునేవాడికి మన నటులు, మన రచయితలు అందుబాటులో ఉండే హైదరాబాదే నయమని నా అభిప్రాయం. రెండింటికీ దరఖాస్తు చేయించండి. 18 నుంచి 25 ఏళ్ల కళాకారులకు కేంద్రం నెలకు 5,000 చొప్పున రెండేళ్లిచ్చే స్కాలర్‌షిప్ కూడా ఉంది, దానికీ పెట్టించండి.

ఈలోగా బీకాంలో సబ్జెక్టులేమైనా మిగిలిపోయాయేమో చూడండి. డిగ్రీ లేకపోతే ఈ రెండు చోట్లా చేర్చుకోరు.