సోడా కెగ్గులో గ్యాస్ నిలవడం లేదు

ప్రశ్న: సోంపేట బస్టాండు దగ్గర నాకు సోడా, షర్బత్ షాపు ఉంది. సోడా నింపే 19 లీటర్ల స్టీలు డ్రమ్ములు, అదే కెగ్గులు, రెండు సెకండ్‌హ్యాండులో కొన్నాను. 5 కిలోల సోడా గ్యాస్ (కార్బన్ డయాక్సైడ్) సిలిండరు నిండుగా తెస్తే పది కెగ్గుల సోడాకే ఖాళీ అయిపోతోంది. మొన్న రాత్రి షాపు కట్టేటప్పుడు మీటరు ముల్లు పైనే ఉంది, తెల్లారి చూస్తే సున్నా. సబ్బు నీళ్లు రాస్తే ఎక్కడా బుడగ రాలేదు. సిలిండరు మార్చేయమంటారా మాస్టారూ?

జవాబు: మార్చకండి తమ్ముడూ, డబ్బు దండగ. ముందు లెక్క చూద్దాం. ఘాటు సోడాకి లీటరుకు 7, 8 గ్రాముల గ్యాస్ పడుతుంది. అంటే మీ కెగ్గుకి 150 గ్రాములు, గాలి తీసేటప్పుడు పోయేది కలుపుకుంటే 200 అనుకోండి. పది కెగ్గులకి 2 కిలోలు. మిగతా 3 కిలోలు గాలిలో కలిసిపోతున్నాయి.

ముల్లు చూసి గ్యాస్ ఉందనుకోవద్దు. సిలిండరులో కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉంటుంది. ఆ ద్రవం చుక్క మిగిలినా ముల్లు పైనే నిలబడుతుంది, అయిపోయాక ఒక్కసారిగా పడిపోతుంది. 20 డిగ్రీల దగ్గర 830 పీఎస్ఐ (ప్రెషరు కొలత) చుట్టూ, 30 డిగ్రీల దగ్గర వెయ్యి దాటి చూపిస్తుంది. ఎండ తగ్గితే ముల్లు కూడా కొంచెం తగ్గుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. సిలిండరు మెడ మీద ఖాళీ బరువు గుద్ది ఉంటుంది. కిరాణా కాటా మీద పెట్టి ఆ బరువు తీసేస్తే ఎంత గ్యాస్ ఉందో తెలిసిపోతుంది. రాత్రీ పొద్దునా తూచి రాసుకోండి.

ఇక లీకు పట్టడం. కెగ్గు కనెక్టరు ఊడదీసి, రెగ్యులేటరు బయటి వాల్వు మూసేసి, సిలిండరు ఒకసారి తెరిచి మళ్లీ గట్టిగా కట్టేయండి. గంట తర్వాత సిలిండరు ప్రెషరు చూపే మీటరు ముల్లు బాగా దిగిందంటే లీకు సిలిండరుకీ రెగ్యులేటరుకీ మధ్య జాయింటులో ఉన్నట్టు. నా దగ్గరకొచ్చే వాటిలో ఎక్కువ అక్కడే. మర మీద తెల్ల టేపు చుట్టి తెస్తారు. గ్యాస్‌ని ఆపేది ఆ మర కాదు, లోపలి వాషరు. ఒకసారి నొక్కుకుపోయిన వాషరు రెండోసారి సరిగ్గా పట్టదు. సిలిండరు మార్చినప్పుడల్లా కొత్తది వేయండి, టేపు విప్పేయండి.

ముల్లు నిలిస్తే బయటి వాల్వు తెరిచి పైపు వరకు అదే పరీక్ష చేయండి. మీకు బారువ సముద్రం దగ్గర కాబట్టి ఇనుప క్లిప్పులు తొందరగా తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్‌వి వేయించండి. పైపు చివర వంకర లేకుండా కోసి, వేడినీళ్లలో ముంచి ఎక్కిస్తే బిగిసిపోతుంది. సిలికాన్ పైపు మాత్రం వద్దు, దాని గోడలోంచే ఈ గ్యాస్ బయటికి పోతుంది.

కెగ్గుని ఖాళీగా పరీక్షించండి. నీళ్లుంటే అవి గ్యాస్ పీల్చుకుని ముల్లు దిగుతుంది, లీకు అనుకుని మీరు కంగారు పడతారు. మూత రింగుకి తినే వస్తువులకు వాడే సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, మూత పైకి లాగి పట్టుకుని 30 పీఎస్ఐ ఎక్కించండి. తక్కువ ప్రెషరులో ఆ రింగు సరిగ్గా కూర్చోదు. ఇప్పుడు ఫ్యాను ఆపి, గిన్నెలు తోమే లిక్విడ్ చిక్కగా కలిపి మూత చుట్టూ, సేఫ్టీ వాల్వు మీద, గ్యాస్ ఎక్కే మూతి కింద రాసి, ఒక్కోచోట ఓ నిమిషం కళ్లు పెట్టి చూడండి. సన్న లీకు బుడగలా ఎగరదు. ఆవగింజంత తెల్ల నురుగు పుట్టి మెల్లగా పెరుగుతుంది. మీ కంటికి దొరకనిది అదే అయ్యుంటుంది.

మూతి కింద నురుగు వస్తే సేఫ్టీ వాల్వు లాగి ప్రెషరంతా వదిలేశాకే విప్పండి. లోపలి సన్న గొట్టానికి ఉన్న చిన్న రింగు కూడా మార్చండి, దాన్ని చాలామంది చూడరు. కూల్‌డ్రింకు సిరప్పు కోసం చేసిన కెగ్గులివి. పెప్సీవాటికి బాల్ లాక్, కోక్‌వాటికి పిన్ లాక్ అనే రకం మూతులుంటాయి, ఒకదాని కనెక్టరు రెండోదానికి పట్టదు. అందుకే పాత రింగు చేత్తో పట్టుకెళ్లి కొనండి.

ప్రశ్న: బొబ్బిలిలో మాది చిన్న సోడా యూనిట్. సిలిండర్లున్న గదిలోనే పనికుర్రాడు తలుపేసుకుని చాప మీద పడుకుంటాడు. పొద్దున్న తలనొప్పి అంటున్నాడు. గ్యాస్ వల్లేనా అన్నయ్యా?

జవాబు: అమ్మా, ఈ రాత్రి నుంచే ఆ అబ్బాయిని వేరేచోట పడుకోబెట్టండి. మిగతావన్నీ తర్వాత. ఈ గ్యాస్‌కి వాసన లేదు, గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే నేలమట్టాన పేరుకుంటుంది. చాప మీద ఉన్నవాడికే ముందు తగులుతుంది. తలనొప్పి, ఆయాసం, మత్తు దాని లక్షణాలే. డాక్టరుకి చూపించి, సిలిండరు గదిలో పడుకునేవాడని తప్పకుండా చెప్పండి. సిలిండర్లని వరండాలో నీడన, నిలువుగా గొలుసేసి కట్టించండి. ఎప్పుడైనా ఆ గదిలో మనిషి పడిపోయి కనిపిస్తే వెంటనే లోపలికి దూరకండి, మీరూ పడిపోతారు. బయట నుంచే తలుపులు, కిటికీలు బార్లా తెరిచి 108కి ఫోన్ చేయండి.