కథ చెప్పిన వ్యాసానికి మార్కులెన్ని?

ప్రశ్న: రోమన్ కవి వర్జిల్ లాటిన్ కావ్యం ‘ఈనియడ్’ నాలుగో సర్గ మీద విశ్లేషణ రాయమంటే మా డిగ్రీ పిల్లలంతా కార్తేజ్ రాణి డైడో కథే రాసిన్రు. ఎట్లా దిద్దాలె?
– ఒక అధ్యాపకురాలు, నల్లగొండ

జవాబు: ముందు నాలుగైదు పేపర్లు మార్కులు వేయకుండా చదవండి మేడమ్. లేకుంటే కట్ట పైన ఒక లెక్క, అడుగున ఇంకో లెక్క అయితది. పదికి వాదనకు 3, మూలంలోని ఆధారానికి 2, దాన్ని విడమర్చినందుకు 4, భాషకు 1. ఉత్త కథకు 3 దాటనీయొద్దు.

డైడోను వదిలిపోయే కథానాయకుడు ఈనియస్ గురించి ‘కర్తవ్యపరుడు’ అంటే చాలదు. ఇటలీకి నా ఇష్టంతో పోతలేనని అతను చెప్పే 361వ పాదం చూపాలె. అది సగంలోనే ఆగుతది. కవి కావాలనే ఆపిండని ఎవరన్నా తేల్చేస్తే మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టండి, క్రీ.పూ. 19లో వర్జిల్ చనిపోయేనాటికి కావ్యం పూర్తి కాలేదు. అనువాదమే చదివినోళ్లకు ఛందస్సు రాయలేదని మాత్రం కోత పెట్టకండి.