నత్త బావిలోంచి ఎన్నో రోజున బయటపడుతుంది?

ప్రశ్న: నమస్తే సార్. మా బాబు ఏడో తరగతి. వాడికి స్కూల్లో ఒక లెక్క ఇచ్చారు. 30 అడుగుల బావిలో అడుగున ఒక నత్త ఉంది, పగలు 3 అడుగులు ఎక్కుతుంది, రాత్రి 2 అడుగులు జారుతుంది, ఎన్నో రోజున బయటకొస్తుంది అని. మా ఆయన వెంటనే 30 అన్నారు. బాబేమో 28 అని ఏడుపు మొహం పెట్టాడు, ఎందుకో చెప్పమంటే చెప్పలేకపోతున్నాడు. రోజుకి ఒక అడుగే కదా నికరంగా, మరి 28 ఎలా వస్తుంది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు బాబుని దగ్గరికి తీసుకుని నువ్వే కరెక్ట్ రా అని చెప్పండి. జవాబు 28వ రోజే. కారణం చెప్పలేకపోయినా వాడి మనసుకి తట్టింది, అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఒక తెల్ల కాగితం మీద నాలుగు గడులు గీయించండి, రోజు, పొద్దున ఎక్కడుంది, సాయంత్రానికి ఎక్కడికెక్కింది, రాత్రి ఎక్కడికి జారింది అని. మొదటి రోజు 0 నుంచి 3కి ఎక్కి 1కి జారింది, రెండో రోజు 1 నుంచి 4కి వెళ్లి 2కి జారింది, ఇలా రెండు మూడు వరుసలు రాస్తే వాడికే పద్ధతి దొరుకుతుంది, ఇక నేరుగా చివరికి వచ్చేయొచ్చు. 27వ రోజు పొద్దున 26 దగ్గరుంది, సాయంత్రానికి 29, ఇంకొక్క అడుగు తక్కువైంది కాబట్టి రాత్రి మళ్లీ జారి 27కి వచ్చింది. 28వ రోజు పొద్దున 27 దగ్గర మొదలుపెట్టి 3 అడుగులు ఎక్కితే 30, గట్టు మీదుంది. ఆ వరుసలో నాలుగో గడి ఖాళీగా ఉండిపోతుంది చూడండి, ఎందుకంటే జారడానికి అది బావిలో లేదు. మీవారి లెక్కలో గట్టెక్కిన నత్త కూడా రాత్రికి జారుతూనే ఉంది, తేడా అంతా అక్కడే.

ఇది చూసి చాలామంది ఒక అడ్డదారి నేర్పిస్తారు, లోతులోంచి ఒకరోజు ఎక్కేది తీసేసి, మిగిలినదాన్ని నికర ఎత్తుతో భాగించి ఒకటి కలపమని. ఇక్కడ 27 ప్లస్ 1, 28, సరిపోయింది. కానీ అదే బావిలో పగలు 5 ఎక్కి రాత్రి 3 జారే నత్తని పెట్టండి. 30లోంచి 5 పోతే 25, రెండుతో భాగిస్తే పన్నెండున్నర. ఆ అర వదిలేసి 12కి ఒకటి కలిపి 13 అంటే తప్పు, 13వ రోజు సాయంత్రానికి అది 29 దగ్గరే ఉంటుంది. అరని పైకి తీసుకుని 13 చేసి ఒకటి కలపాలి, 14వ రోజు. అందుకే నేను సూత్రం కన్నా ఆ గడుల కాగితమే నమ్ముతాను, పిల్లలకి అదే నేర్పమంటాను.

మీవారు కూడా ఏం బాధపడక్కర్లేదు. ఇటలీలోని పీసా ఊరి ఫిబొనాచీ 1202లో రాసిన లిబర్ అబాకీలో నత్త బదులు సింహం ఉంటుంది, అంత పెద్ద లెక్కలాయనా ఇదే చివరి మెట్టు దగ్గర తప్పు చేశాడు. గుంట లోతు 50 అడుగులనుకోండి, సింహం రోజూ అడుగులో ఏడో వంతు ఎక్కి తొమ్మిదో వంతు జారుతుంది. 63 రోజులకి 9 ఎక్కి 7 జారింది, నికరం 2, కాబట్టి 50కి 25 సార్లు 63, 1575 రోజులు అని రాశాడు. నిజానికి 1571 రాత్రులు గడిచేసరికి పైకి మిగిలేది అడుగులో 63కి 8 వంతులు, సింహం ఒక పగలు ఎక్కేది 63కి 9 వంతులు. అంటే 1572వ రోజే బయటుంటుంది.

ఇంకో మాట, అన్ని లెక్కల్లోనూ ఈ మెలిక ఉండదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో (మన పావులూరి మల్లన 11వ శతాబ్దంలో తెలుగు చేసింది ఆ గ్రంథాన్నే) 80 అంగుళాల నల్లపాము పుట్టలోకి దూరుతుంటుంది, లెక్కలో భిన్నాల్లో ఇచ్చిన వేగాలన్నీ సరిచేస్తే రోజుకి 21 అంగుళాలు లోపలికెళ్తుంది, తోక రోజుకి 11 పెరుగుతుంది. 21లోంచి 11 పోతే 10, 80ని పదితో భాగిస్తే 8 రోజులు, అంతే. ఇక్కడ తీసివేత సరిపోయింది ఎందుకంటే దూరడం, పెరగడం రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. నత్త అలా కాదు, పగలంతా ఎక్కి ఆ తర్వాతే జారుతుంది. బాబుకి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పించండి, ఎందుకు 28 అన్నది వాడే నోరు విప్పి చెప్తాడు.

ప్రశ్న: 16 మీటర్ల గుడ్డలోంచి దర్జీ రోజుకి 2 మీటర్ల ముక్క కోస్తే చివరి కోత ఎన్నో రోజు? ఎనిమిదో రోజే కదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఏడో రోజండి. ఏడో కోతకి 14 మీటర్లు పోయాయి, చేతిలో మిగిలినది సరిగ్గా 2 మీటర్ల ముక్కే, దాన్ని ఇంక కోసే పని లేదు.